చెరి సగం

మా చెల్లి పోయిన రోజు పొద్దున నేను ఏడో తరగతి పిల్లల చేత నదుల పటం గీయిస్తున్నాను. అటెండరు వచ్చి తలుపు దగ్గర నిలబడి, "టీచర్ గారూ, మీకు ఫోను. కళ్ళజోళ్ళ షాపు నుంచి" అన్నాడు. కొత్త కళ్ళజోడు తయారైందని చెప్పడానికేమో అనుకున్నాను. పీరియడ్ అయ్యాక మాట్లాడతానని చెప్పమన్నాను. ఆయన కదల్లేదు. "ఇప్పుడే రమ్మంటున్నారమ్మా" అన్నాడు.

మా చెల్లి ఆ షాపులోనే పనిచేసేది. ఫ్రేముల్లో అద్దాలు బిగించడం, వదులైన మరలు సరిచేయడం దాని పని. ఫోనులో ఉన్నది దాని పక్కనే కూర్చుని అదే పని చేసే అమ్మాయి. "కడుపులో నొప్పిగా ఉందని స్టూలు మీద కూర్చుంది టీచర్ గారూ. కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. ఆస్పత్రికి తీసుకొచ్చాం. మీరు తొందరగా రండి" అంది. ఆస్పత్రి పేరు చెప్పి పెట్టేసింది.

నేను వెళ్ళేసరికి ఆపరేషను గదిలో ఉంది. మా మరిది, అంటే దాని భర్త, పని బట్టల్లోనే వచ్చి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతులకి గ్రీజు. దేన్నీ ముట్టుకోకూడదన్నట్టు ఆ చేతుల్ని ఒంటికి దూరంగా పెట్టుకున్నాడు. మధ్యాహ్నం కాకముందే తలుపు తెరిచి చెప్పేశారు.

డాక్టరమ్మ నన్ను పక్కకి, దుప్పట్లు దొంతరలుగా పెట్టే చిన్న గదిలోకి తీసుకెళ్ళింది.

"గర్భం సంచిలో కాకుండా నాళంలో నిలిచింది. నాళం పగిలి రక్తమంతా లోపలే పోయింది" అంది.

"గర్భమని తనకి తెలుసా?"

"తెలిసి ఉండదు. ఇంకా చాలా తొలి రోజులు."

ఆమె వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసింది. తర్వాత, "ఇది నేను మీకు చెప్పకూడదేమో. కానీ చెప్పకపోతే ఇంకొకరికి నష్టం. పోయినేడాది మీ చెల్లి నా దగ్గరికి వచ్చింది. పరీక్షలో క్లమిడియా అని తేలింది. భార్యాభర్తల కలయికతో ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది. చాలామందికి పైకి ఏమీ తెలియదు, లోపల మాత్రం నాళాల్ని పాడుచేస్తుంది. మందు ఉంది, వాడితే పోతుంది. కానీ ఇద్దరూ వాడాలి, ఒకేసారి వాడాలి. భర్తను తీసుకురమ్మన్నాను. అతను రాలేదు. అతనికి మందు పడలేదు. ఇప్పుడతనికి చెప్పేవాళ్ళు మీరు తప్ప ఎవరున్నారు?" అంది.

"ఎవరి నుంచి ఎవరికి వచ్చింది?" అని అడిగాను.

"అది అడక్కండి. అడిగిన ఇంట్లో పోట్లాట మొదలవుతుంది గాని వైద్యం మొదలవదు."

ఇలాంటి జబ్బుల్ని మన భాషలో సుఖవ్యాధులంటారు. ఆ మాట ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఆ రోజు తర్వాత నేను దాన్ని పలకలేదు.

మా మరిది లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో లిఫ్టున్న ప్రతి భవనమూ అతనికి తెలుసు, ప్రతి వాచ్‌మనూ అతన్ని "లిఫ్టన్నా" అని పిలుస్తాడు. హాస్యగాడు. "ఊరందర్నీ పైకి పంపడమే నా పని వదినా, అయినా నా మీద ఒక్క కేసు లేదు" అనేవాడు. అందర్నీ మేడలెక్కించే అల్లుడు తను మాత్రం కింది గదిలో అద్దెకుంటాడని మా అమ్మ నవ్వేది. చెల్లి పోయాక ఆ మాటలన్నీ ఆగిపోయాయి.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం చెల్లి బట్టలు సర్దడానికి వాళ్ళ గదికి వెళ్ళాను. అతను నేల మీద పాత న్యూస్‌పేపరు పరిచి, లిఫ్టు తలుపు కింద తిరిగే చిన్న చక్రం ఒకటి తుడుస్తున్నాడు. అప్పటికే మెరుస్తోంది. అయినా తుడుస్తున్నాడు.

నేను చీర మడత పెడుతూ, అతని మొహం చూడకుండా అడిగాను. "డాక్టరమ్మ నిన్ను రమ్మంటే ఎందుకు వెళ్ళలేదు?"

అతని చెయ్యి ఆగింది. దేని గురించో వివరించాల్సిన పని లేకపోయింది.

"వెళ్ళలేదని ఎవరన్నారు?"

"ఆవిడే."

"వెళ్ళాను వదినా. ఆవిడ చూడలేదు. ఆవిడ చూడ్డానికి నన్ను లోపలికి రానివ్వాలి కదా." గుడ్డ పక్కన పెట్టాడు. "తలుపు దగ్గర ఆయమ్మ ఉంది. 'ఇది ఆడవాళ్ళ ఆస్పత్రి బాబూ, చదువు రాదా?' అని బోర్డు చూపించింది. డాక్టరమ్మే రమ్మందంటే, 'అందరూ అదే అంటారు, బయట కూర్చో' అంది. మెట్ల మీద కూర్చున్నాను. మీ చెల్లెలు లోపల నర్సుకి చెప్పిందట, మా ఆయన బయటే ఉన్నాడని. డాక్టరమ్మ వెళ్ళిపోతోంది, ఇంకో రోజు తీసుకురా అన్నారట. మందుల పొట్లం మాత్రం దాని చేతికిచ్చేశారు."

"దానికిచ్చిన మందు."

"ఊఁ. అది మెట్ల మీదకొచ్చి నా పక్కన కూర్చుంది. పొట్లం విప్పింది. మాత్రల అట్టని మధ్యకి విరిచి, 'ఇదిగో నీ వాటా' అంది. 'మళ్ళీ నువ్వు పని మానుకుని వచ్చి ఈవిడ చేత మాటలు పడక్కర్లేదు' అంది." అతను నవ్వబోయాడు. "నాకేం లేదే, నాకెందుకే అన్నాను. లేకపోయినా వేసుకో, మా ఇంట్లో అంతే అంది."

మా ఇంట్లో అంతే. అది నిజం. ఒకరికి జ్వరమొస్తే మందు అందరం తాగేవాళ్ళం. ఒక్కణ్ణి డాక్టరుకి చూపిస్తే ఇంటిల్లిపాదినీ చూపించినట్టే అని అమ్మ లెక్క. చెల్లి ఆ లెక్కని ఇంకో మెట్టు ముందుకి తీసుకెళ్ళింది. బిస్కెట్టు విరిచి పెద్ద ముక్క ఎదుటివాళ్ళకిచ్చేది. వానలో నాకు గొడుగిచ్చి తను సగం తడిసేది. పంచుకోవడంలో తప్పు జరగొచ్చని దానికి ఎవరూ చెప్పలేదు.

"అది ఇద్దరికీ చాలే మందు కాదయ్యా" అన్నాను. "వారం పాటు ఒక్క మనిషి వాడాల్సింది. చెరి సగం చేస్తే ఇద్దరిలో ఎవరికీ పోదు. అణిగి ఉంటుంది."

"నాకేమీ లేదు కదా వదినా. నొప్పి లేదు, మంట లేదు."

"ఉన్నా తెలియదట."

అతను చక్రాన్ని న్యూస్‌పేపరు మీద పెట్టేశాడు. "అంటే నేను మొత్తం దానికే వదిలేసి ఉంటే..."

"అలా అని డాక్టరమ్మ అనలేదు. నేనూ అనడం లేదు. నాళాలు అప్పటికే పాడైపోయాయేమో. ఎవరికీ తెలియదు."

నేను అన్నది నిజమే. కానీ అది అతని చెవికెక్కలేదు.

కాసేపటికి, తల వంచుకునే అన్నాడు. "ఇద్దరికీ తగ్గేదాకా జాగ్రత్త పడమన్నారట, కండోమ్ వాడమన్నారట. అదీ చెప్పింది. పిల్లల కోసం ఎదురుచూస్తూ అదెలా వాడతాం వదినా? మందేసుకున్నాం కదా అనుకున్నాం."

ఆ రోజు ఇంతకంటే అడగలేదు. పరీక్ష చేయించుకోమన్నాను. సరేనన్నాడు. ఒంటరి మనిషి, ఎప్పుడైనా చేయించుకుంటాడులే అని నేనూ ఊరుకున్నాను.

ఏడాది తిరిగింది. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, అమ్మకీ నాకూ ఎదురుగా కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. కాఫీ ఇస్తే చల్లారిపోయేదాకా పట్టుకునే ఉన్నాడు.

"ఏమిటయ్యా అబ్బాయ్, నోట్లో ఏం నానుతోంది? కక్కెయ్" అంది అమ్మ.

"మీరు వద్దంటే లేదు" అని మొదలుపెట్టాడు. కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి సంగతి. చెల్లి పోయిన రోజు నాకు ఫోను చేసిన అమ్మాయే. చెల్లి వస్తువులు ఇవ్వడానికి ఒకసారి వచ్చింది, తర్వాత ఎలా ఉన్నారో చూడ్డానికి ఇంకోసారి వచ్చింది. ముప్పై దాటినా ఇంకా పెళ్ళి కాలేదు, తల్లి తప్ప ఎవరూ లేరు. రిజిస్టరు ఆఫీసులో నాలుగు సంతకాలు, అంతే అన్నాడు.

అమ్మ ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "మంచిదే. ఒంటి మగాడివి, ఎన్నాళ్ళని హోటలు మెతుకులు తింటావు? ఆ అద్దాల పిల్ల మంచిది. నా కూతురు ఉన్నన్నాళ్ళూ దాని పేరే చెప్పేది" అంది.

నేను అతన్ని వీధి చివరిదాకా సాగనంపాను.

"పరీక్ష చేయించుకున్నావా?"

అతను ఆగిపోయాడు. "ఏ పరీక్ష వదినా?" అన్నాడు, కానీ వెంటనే, "లేదు" అన్నాడు.

"పెళ్ళికి ముందు చేయించుకో. మందు వాడాల్సొస్తే పూర్తిగా వాడు. ఆ అమ్మాయికి చెప్పు."

"చేయించుకుంటాను. చెప్పడం మాత్రం రిజల్టు వచ్చాక చూద్దాం. ఏమీ లేకపోతే చెప్పాల్సిన పనే లేదు కదా?"

అది సబబుగానే ఉంది. సరేనన్నాను.

"మీరు కూడా రండి వదినా" అన్నాడు. "ఒక్కణ్ణే అయితే గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు."

పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం, ఈ జబ్బుల విభాగం కలిపి అన్నిటికంటే పై అంతస్తులో పెట్టారు. నేను స్కూలుకి సెలవు పెట్టి ముందుగా వెళ్ళి, చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ కూర్చున్న మగవాళ్ళంతా తమ చెప్పుల వైపు చూసుకుంటున్నారు. ఒకతను గోడ మీద పోస్టరు చదువుతున్నాడు. నేను చూస్తున్నానని తెలిసి, చదవనట్టు మొహం తిప్పుకున్నాడు. కిటికీలోంచి చూస్తే కింద గేటు కనిపిస్తుంది. మా మరిది సమయానికే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు కూడా ఇంత శ్రద్ధ పడి ఉండడు.

అతను గుమ్మంలోకి వచ్చాడు. తర్వాత ఎంతకీ పైకి రాలేదు.

మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కింద నుంచి వాచ్‌మన్ గొంతు వినిపిస్తోంది.

"ఓయ్ లిఫ్టన్నా! దేవుడు పంపినట్టు వచ్చావు. పొద్దుట్నుంచి దీని తలుపు మూసుకోనంటోంది. మీ ఆఫీసుకి ఫోను చేస్తే రేపంటున్నారు. ఎవరు పంపారు నిన్ను?"

మెట్ల వైపు వస్తున్న అడుగుల చప్పుడు ఆగింది.

"ఎవరూ పంపలేదు. విన్నాను, వచ్చాను" అన్నాడు మా మరిది.

"ఏం సోకు, ఇస్త్రీ చొక్కా! పెళ్ళికొడుకులా ఉన్నావు. సామాన్ల సంచి ఏదీ?"

"స్క్రూడ్రైవరు ఉందా నీ దగ్గర? అది చాలు."

తర్వాత ఇనుము మీద ఇనుము తగిలే చప్పుడు మొదలైంది. లిఫ్టు ఎక్కి దిగే బావిలోంచి ఆ చప్పుడు ప్రతి అంతస్తుకీ వినిపిస్తోంది. నేను మళ్ళీ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను.

నర్సు మా చీటీ పిలిచింది. నేను లేచాను.

"పేషెంటు మీరా?"

"కాదు. ఆయన లిఫ్టు దగ్గర ఉన్నాడు."

"లిఫ్టు చెడిపోయిందమ్మా, మెట్లెక్కి రమ్మనండి."

"ఆయనే బాగుచేస్తున్నాడు."

ఆవిడ నా వైపు వింతగా చూసి, తర్వాత నవ్వేసింది. "హమ్మయ్య! అయితే చెయ్యనివ్వండి. పొద్దుట్నుంచి ఎక్కలేక దిగలేక మా మోకాళ్ళు అరిగిపోయాయి. ఆయన్ని చివర్లో చూద్దాంలే."

చివర్లో చూడలేదు. లిఫ్టు కదిలేసరికి డాక్టరు చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. బెంచీ ఖాళీ అయింది. లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల మా మరిది నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా మోచేతులదాకా నల్లబడింది. వెనక వాచ్‌మను, ఇద్దరు ఆయాలు, వాళ్ళ మొహాల్లో సంతోషం.

"రండి వదినా" అన్నాడు, తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి.

కింద అందరూ దిగిపోయాక బయట చెట్టు నీడన నిలబడ్డాం. నేను తిట్టలేదు. తిట్టండన్నట్టు అతను నిలబడ్డాడు గాని, తిట్టలేదు.

"ఎందుకొచ్చావని వాడు అడిగాడు వదినా. నోరు దానంతట అదే అబద్ధమాడింది. ఒకసారి అన్నాక బాగుచెయ్యక తప్పుతుందా?"

"ఇంకో ఆస్పత్రికి వెళ్దాం."

"ఏ ఆస్పత్రికి వెళ్ళినా వాచ్‌మను నావాడే."

"లిఫ్టు లేని ఆస్పత్రి చూడు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

"ఒకటి చెప్పు" అన్నాను. "లిఫ్టు బావిలో ఇద్దరు దిగితే ఇద్దరూ కరెంటు పెట్టెకి ఎవరి తాళం వాళ్ళు వేస్తారని, ఇద్దరూ పైకొచ్చి ఇద్దరి తాళాలూ తీస్తే గాని స్విచ్చి వెయ్యరని మా బడి పిల్లలకి నువ్వే చెప్పావు. తోటివాడి ప్రాణానికి అంత జాగ్రత్త పడేవాడివి, దీనికెందుకు పడవు?"

"అది పని వదినా. అక్కడ సిగ్గుండదు" అన్నాడు.

ఇంకో వారం అన్నాడు. ఆ వారం ఎక్కడో కొత్త భవనంలో పని పడింది. ఆ తర్వాత వారం జలుబు చేసింది. మాట తప్పాలని అతనికి లేదు. ప్రతిసారీ నిజంగానే వెళ్దామనుకునేవాడు. రిజిస్టరు ఆఫీసులో రోజు కూడా ఖాయం చేసుకున్నారు.

ఇక నేనే ఆ అమ్మాయికి చెబుతానని ఒక మధ్యాహ్నం అమ్మతో అన్నాను. అప్పటిదాకా అమ్మకి జబ్బు సంగతి తెలియదు. కడుపులో నాళం పగిలిందని మాత్రమే తెలుసు. నేను వీలైనంత తక్కువ మాటల్లో చెప్పాను. అమ్మ తరుగుతున్న ఉల్లిపాయ పక్కన పెట్టి, కత్తి కూడా పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నా కూతురికా?" అంది.

"ఎవరికైనా వస్తుందమ్మా. మొగుడూ పెళ్ళాల మధ్య వచ్చేదే."

"దాని మందు వాడికెందుకిచ్చింది? పిచ్చిముండ."

నువ్వు నేర్పిందే కదా అనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఆ పిల్లకి చెప్పావంటే నా శవం చూస్తావు" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. ఇవాళ నువ్వు దాని చెవిలో వేస్తావు. రేపు మొగుడితో మాటా మాటా వస్తే అది నలుగురిలో అంటుంది, మొదటిదానికి ఆ జబ్బుండేదట అని. చచ్చినదాన్ని మళ్ళీ చంపుతావా? అది వచ్చి కాదనగలదా?"

"ఆ అమ్మాయికీ ఒక తల్లి ఉందమ్మా."

"ఉంటే ఆవిడే చూసుకుంటుంది. నా పిల్లని నేను చూసుకోవాలి. నాకు మిగిలింది దాని పేరొక్కటే."

అమ్మది స్వార్థం అని నేను అనలేను. మా చెల్లి ఎలా పోయిందని ఎవరైనా అడిగితే నేనూ 'కడుపులో నొప్పి' అనే చెప్పాను. స్టాఫ్ రూములో అలాగే చెప్పాను. చుట్టాలకి అలాగే చెప్పాను. మిగతాది చెబితే వాళ్ళ మొహాల్లో ఏం మారుతుందో నాకు తెలుసు. చెల్లి మంచిదనే మాట అలాగే ఉంటుంది, కానీ దాని ముందు ఒక చిన్న నిశ్శబ్దం వచ్చి చేరుతుంది. ఆ నిశ్శబ్దం నాకూ భయమే.

మర్నాడు బడి వదిలాక కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. నా కళ్ళజోడు ముక్కు మీద నిలవడం లేదు, అది నిజమే. ఆ అమ్మాయి నన్ను చూడగానే స్టూలు లాగి తుడిచింది.

"రండి టీచర్ గారూ. ఇప్పుడు మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియట్లేదు. అక్కా అనాలా, వదినా అనాలా?"

"నీ ఇష్టం."

"అయితే టీచర్ గారే బాగుంది. భయం, భక్తి రెండూ ఉంటాయి." నా కళ్ళజోడు తీసుకుని వెలుగుకి పెట్టి చూసింది. "దీని తప్పేం లేదు. మీ ముక్కే ఒక పక్కకి వాలింది. ముక్కు సరిచేయాలంటే ఎక్కువవుతుంది, జోడే సరిచేస్తాను."

చిన్న మరని పట్టకారుతో పట్టుకుంది. జోడు లేకపోవడంతో ఆ అమ్మాయి మొహం నాకు మసకగా కనిపిస్తోంది. మాట్లాడటానికి అదే తేలిక అనిపించింది.

"మీ చెల్లెలు కూర్చునే చోటు అది" అంది, పక్క స్టూలు చూపిస్తూ. "ఓనరు ఇంకొకర్ని పెడతానంటే, పెళ్ళయ్యేదాకా ఆగండి, రెండు పనులూ నేనే చేస్తానన్నాను." మర బిగిస్తూనే, "నేను చేస్తున్నది తప్పని మీకనిపిస్తోందా?" అంది.

"లేదు."

"నిజంగా?"

"నిజంగా."

"మరయితే ఇంకొకటి అడుగుతాను. ఆయన గురించి నాకు తెలియనిదేమైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి. గురక పెడతారా? కోపమొస్తే గిన్నెలు విసురుతారా? తర్వాత తెలిసి నేను గోల పెడితే పూచీ మీదే."

నవ్వుతూనే అడిగింది. కానీ అడిగింది. మొహం పైకెత్తి, పని ఆపి, జవాబు కోసం చూసింది. ఇంతకంటే మంచి అవకాశం ఎవరికీ దొరకదు.

"పెళ్ళికి ముందు ఇద్దరూ పరీక్షలు చేయించుకోవాలి" అన్నాను.

"అయిపోయాయి టీచర్ గారూ! రక్తం గ్రూపు, షుగరు. ఆయనకి షుగరు లేదు, ఉన్నదంతా మాటల్లోనే."

"అవి కాదు. ఇంకొకటి ఉంది. ఆయన్ని వెళ్ళమని చెప్పాను. వెళ్ళాడేమో అడుగు."

పట్టకారు బల్ల మీద పెట్టేసింది. "ఏ పరీక్ష?"

క్లమిడియా. ఆ ఒక్క మాట చాలు. దాని వెనక ఇంకో నాలుగు మాటలు వస్తాయి. ఎవరికుంది, మీకెలా తెలుసు, అక్కకి కూడా ఉందా, అక్క దానివల్లేనా. రోజూ పిల్లల ముందు గంటలకొద్దీ మాట్లాడే నోరు నాది. అది తెరుచుకోలేదు.

"గుండెకా?" అంది. బల్ల మీదకి వంగింది. "ఎత్తుల మీద పని కదా, గుండెకేమైనా..."

"గుండెకి కాదు. ప్రాణానికేం లేదు. ఆయన్నే అడుగు. అడిగి తీరాలి. జవాబు చెప్పేదాకా వదలొద్దు."

లోపల్నుంచి ఓనరు కేకేశాడు. ఎవరో ముసలాయన చూపు పరీక్షకి వచ్చాడు. ఆ అమ్మాయి నా కళ్ళజోడు తెచ్చి తనే నాకు పెట్టింది. చెవుల వెనక వేళ్ళు పెట్టి సర్దింది. అంత దగ్గరగా ఆ మొహం ఇప్పుడు స్పష్టంగా కనిపించింది. కళ్ళలో బెదురు ఉంది. నా మీద నమ్మకం కూడా ఉంది. "అడుగుతాను టీచర్ గారూ" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు ఒక రకంగా తేలిక అనిపించింది. మాట నేను అనకుండానే అతని చేత అనిపించే ఏర్పాటు చేశానని అనుకున్నాను. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే, ఆ అమ్మాయి అలా చూస్తూ అడిగితే, అతను చెప్పకుండా ఉండలేడు.

మర్నాడు ఇంటర్వెల్లులో ఫోను చేసింది. వెనక షాపులో ఎవరో నవ్వుతున్నారు.

"అడిగాను టీచర్ గారూ. ఎంత భయపెట్టారండీ బాబూ! రాత్రంతా నిద్ర లేదు. ఎత్తుల మీద పనిచేసేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయేమో చూసే పరీక్షట కదా. కంపెనీవాళ్ళు అడుగుతున్నారట. బద్ధకంతో వెళ్ళలేదట. నేను నాలుగు తిట్టాను. పెళ్ళయ్యాక చెవి పట్టుకుని నేనే తీసుకెళ్తాను, మీరేం దిగులు పడకండి."

"అలా చెప్పాడా?"

"ఊఁ. పాపం మొహం చిన్నబుచ్చుకున్నారు కూడా. మీరు తన గురించి అంత ఆలోచిస్తున్నారని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

గంట కొట్టారు. పిల్లలు వరండాలోంచి క్లాసుల్లోకి పరిగెత్తుతున్నారు. "టీచర్ గారూ, ఉన్నారా?" అంది ఆ అమ్మాయి. ఉన్నానన్నాను. క్లాసుకి వెళ్ళాలన్నాను.

మధ్యాహ్నం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. తలుపు దగ్గర ఆ బోర్డు అలాగే ఉంది. కింద మెట్ల మీద ఎవరో భర్తలు, చేతుల్లో సంచులతో. డాక్టరమ్మ అంతా విని, "ఆ అమ్మాయిని నా దగ్గరికి తీసుకురండి, నేను చెబుతాను" అంది. "ఆమె అడగాలి గాని, పిలిచి చెప్పే హక్కు నాకు లేదు. అతను పరీక్షకి రాకపోయినా కనీసం పెళ్ళయిన రోజు నుంచి కండోమ్ వాడాలని ఆమెకి తెలియాలి. పోనీ, ఆ తలుపు దగ్గర నా పేరు చెప్పమని అతన్నే పంపండి, నేను బయటికొచ్చి తీసుకెళ్తాను." ఆమె ఆ మాట నిజంగానే అంది. నేను ఇంటికొచ్చి మా మరిదికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అతను చాలాసేపు విన్నాడు. "మీరు నన్ను క్షమించాలి వదినా. ఆ పిల్ల అలా చూస్తుంటే నోరు రాలేదు. వెళ్తాను. తప్పకుండా వెళ్తాను" అన్నాడు. ఎప్పుడని అడిగితే, ముందు ఈ పెళ్ళి కానివ్వండి అన్నాడు.

పెళ్ళి శుక్రవారం. సాక్షి సంతకం పెట్టడానికి నన్ను రమ్మన్నారు, వస్తానన్నాను. అతను పరీక్ష చేయించుకోలేదు. మందు వాడలేదు. ఆ అమ్మాయికి ఆ జబ్బు పేరు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.